పడవబల్ల మీద దరువు

నేను సంగీతంలోకి వచ్చింది కోటు వల్ల. స్వరజ్ఞానం వల్ల కాదు, పూర్వజన్మ సుకృతం వల్ల అసలే కాదు. మా నాన్న ఏలూరులో దర్జీ. ఒక బ్యాండు మేళానికి ఎర్ర కోట్లు కుట్టే పని మా కొట్టుకు వచ్చింది. కోట్లన్నీ తయారయ్యాక, క్లారినెట్ వాయించే ఆయన మేళం మానేసి బియ్యం మిల్లులో గుమస్తాగా చేరిపోయాడని తెలిసింది. ఆయన కోటు మిగిలిపోయింది. భుజాల మీద కుచ్చులూ, బంగారు రంగు గుండీలూ ఉన్న కోటు ఇంకెవరు కొంటారు? బ్యాండు మాస్టారు పాపయ్య గారు మా కొట్లో నిలబడి నన్ను ఎగాదిగా చూసి, "నువ్వోసారి తొడుక్కోవోయ్ సుబ్బారావ్" అన్నారు. తొడుక్కున్నాను. అతికినట్టు సరిపోయింది. "ఇంకేం, క్లారినెట్ ఎలాగోలా నేర్పిస్తాను. కోటు మళ్ళీ కుట్టించడమంటేనే కష్టం" అన్నారాయన. అలా నేను క్లారినెట్ విద్వాంసుణ్ణయ్యాను.

బ్యాండులో చేరదామనుకునే కుర్రాళ్ళు ఈమధ్య నా దగ్గరికి వచ్చి "మీ గురుపరంపర ఏమిటండీ?" అని అడుగుతున్నారు. మా నాన్న కుట్టుమిషను అంటే నవ్వి, నిజం చెప్పమంటారు. అందుకని ఇది రాస్తున్నాను. నాకు ఏ బిరుదు ఎప్పుడు వచ్చిందో ఇందులో ఉండదు. ఈ పని అసలు ఏమిటో, మా మేళానికి పేరు ఎలా వచ్చిందో, ఆ పేరు మమ్మల్ని తీసుకెళ్ళి ఎక్కడ కూచోబెట్టిందో మాత్రం చెబుతాను.

ముందుగా ఒక సంగతి. బ్యాండు అంటే సంగీతం అనుకుని వచ్చినవాడు మొదటి పెళ్ళికే ఏడుస్తాడు. మన పని ఊరేగింపుని నడిపించడం. ముందు గంతులేసే బావమరుదులకీ, మధ్యలో పెళ్ళికొడుకు కారుకీ, వెనకాల చెప్పులు కరుస్తున్నాయని సణిగే మేనత్తలకీ అందరికీ సరిపడే నడక ఒకటి పట్టుకుని, అది తెగకుండా విడిది నుంచి పెళ్ళికూతురింటి దాకా లాక్కెళ్ళాలి. వాయిస్తున్నంతసేపూ మన పాట ఎవడూ వినడు. ఆపితే మాత్రం ఊరంతా తిరిగి చూస్తుంది.

మాస్టారు

పాపయ్య గారు యుద్ధం రోజుల్లో మిలటరీ బ్యాండులో ట్రంపెట్ వాయించారు. తిరిగొచ్చి ఏలూరులో మేళం పెట్టారు గానీ మిలటరీని మాత్రం వదల్లేదు. గేదెలు అడ్డం పడుకున్న సందులో కూడా మాకు లెఫ్ట్ రైట్ తప్పకూడదు. "పేడలో అడుగేస్తే కాలు కడుక్కోవచ్చు. అడుగు తప్పితే దేంతో కడుగుతావురా?" అనేవారు. వాయించేవన్నీ ఇంగ్లీషు మార్చింగు పాటలు. పెళ్ళికూతురు అత్తారింటికి వెళుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే మేము బర్మా మీదికి దండెత్తుతున్నట్టు వాయించేవాళ్ళం. మంచి మనిషి, మంచి పనివాడు, పెళ్ళికీ పెరేడుకీ తేడా తెలియనివాడు. నేను పని నేర్చుకున్నది ఆయన దగ్గరే కనక ఈ మాట అనే హక్కు నాకుంది.

ఆయన్ని రెండు విషయాలు తినేస్తుండేవి. మొదటిది కలకత్తా. యుద్ధంలో అక్కడ అమెరికా నల్ల సోల్జర్లు జాజ్ వాయిస్తుంటే విన్నారట. "దెబ్బ పడాల్సిన చోట వెయ్యరోయ్ వాళ్ళు. అక్కడ మన కాలు గోతిలో పడ్డట్టుంటుంది. పడి లేచేసరికి మనకే తెలియకుండా నవ్వుతుంటాం" అని చెప్పేవారు. అలా వాయించాలని మాతో ఎన్నోసార్లు ప్రయత్నించారు. గోతిలో పడటం మాకు వచ్చింది గానీ, లేవడం రాలేదు.

రెండోది ఆయన తండ్రి. వీరాస్వామి గారు గుడి ఆస్థానంలో సన్నాయి విద్వాంసులు, పెద్ద పేరున్నవారు. కొడుకు సన్నాయి వదిలి మిలటరీ బూర పట్టుకున్న రోజు నుంచి ఆయనతో మాట మానేశారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. ముసలాయన కోడలితో "అమ్మా, గొడుగు తీసుకెళ్ళమను" అనేవారు. గొడుగు తీసుకెళ్ళాల్సిన మనిషి పక్కనే చెప్పులేసుకుంటూ ఉండేవారు. ఆయన "తీసుకెళుతున్నానని చెప్పవే" అనేవారు. ఆ ఇంట్లో వానాకాలం అంతా ఆవిడకి గొంతు నొప్పే.

వీరాస్వామి గారు బ్యాండు ఉన్న పెళ్ళికి వచ్చేవారు కాదు. కానీ ఊళ్ళో సంగీత సభ వారు కచేరీ పెడితే మొదటి వరసలో కుర్చీ ఆయనదే. ఇది చూసి ఊరంతా ఒకటే తేల్చింది: కొడుకు సభలో కూచుని వాయించిన నాడే ఆ ముసలాయన వింటాడు, విన్న నాడే మాట్లాడతాడు అని. పాపయ్య గారూ అదే నమ్మారు. "ఒక్కసారి సభలో ఆయనెదురుగా వాయించాలోయ్. తిట్టినా సరే, ఆయన నోటి నుంచి నాతో ఒక్క మాట రావాలి" అన్నారు నాతో, ఏలూరు కాలవ గట్టున. మామూలుగా మాకు కన్నెర్ర చేసే మనిషి, అప్పుడు ఆ కళ్ళు వేరే కారణంతో ఎర్రగా ఉన్నాయి.

పడవ

మా దశ తిరిగింది కొల్లేట్లో. లంక ఊళ్ళో ఒక పెళ్ళికి పిలిచారు. పెళ్ళికొడుకుది చేపలు పట్టే ఇల్లు. అక్కడ వీధి లేదు, రోడ్డు లేదు. ఊరేగింపంతా నీళ్ళ మీదే, పట్టపగలు. పెళ్ళివారికి ఒక పడవ, చుట్టాలకి చాలా దోనెలు, ముందుగా మాకొక పడవ. మా పడవ తోసేది నాగేశు, పెళ్ళికొడుకు మేనమామ. తిప్పిన మీసం, తిరగని నాలుక. కొల్లేరు తన తాత తవ్వించినట్టే మాట్లాడేవాడు.

మాస్టారు పడవలో కూడా లెఫ్ట్ రైట్ అన్నారు. మేము లెఫ్ట్ అనేసరికి పడవ లెఫ్ట్‌కి ఒరిగింది. రైట్ అనేసరికి పెద్ద డ్రమ్ము నీళ్ళలోకి వెళ్ళింది.

"ఏటండీ ఇది!" అని అరిచాడు నాగేశు. "మీరు మునిగినా పెళ్ళి ఆగదండీ, మా పడవ మునిగితే ఆగుద్ది. కాళ్ళు కదపమాకండి!"

డ్రమ్ముని పైకి లాగారు గానీ తోలు తడిసి, ముసలి గేదె దగ్గినట్టు మోగింది. డ్రమ్ము లేకుండా, కాళ్ళు కదపకుండా మార్చింగు పాట వాయించడమంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఎవడి పాట వాడిది. వెనక దోనెల్లో ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మేనల్లుడి పెళ్ళి నవ్వులపాలవుతోందని నాగేశుకి ఒళ్ళు మండింది. పడవ తోసే గెడ పక్కవాడి చేతికిచ్చి, రెండు పొట్టి కర్రలు తీసుకుని పడవబల్ల మీద కొట్టడం మొదలెట్టాడు. రెండు దెబ్బలు, తరవాత ఏమీ లేదు, ఆ ఏమీ లేనిదాని చివర ఒక్క దెబ్బ.

అది వాళ్ళు చేపల్ని వలలోకి తోలే పద్ధతి. పడవ బల్ల మీద కొడితే నీళ్ళలో అదిరి, చేప బెదిరి వలవైపు పోతుంది. ఆపకుండా కొడితే మాత్రం బురదలోకి దూరి కదలదట. అందుకని కొట్టి, ఆపి, అది కదిలాక మళ్ళీ కొడతారు.

మేము ఆ దెబ్బ పట్టుకున్నాం. వేరే గతి లేదు. ఇంగ్లీషు పాట అదే, కానీ ఎక్కడ కాలు పడాలో అక్కడ ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో పడవ ఒకసారి ఊగింది, దానితో పాటు మేమూ, మాతో పాటు పాటా ఊగాయి. వెనక నవ్వులు ఆగిపోయాయి. చూస్తే దోనెలన్నీ ఒకే ఊపులో ఊగుతున్నాయి. ఒక ముసలమ్మ కూచున్నచోటే భుజాలు కదిపేస్తోంది.

మాస్టారు ట్రంపెట్ దించి, "ఇదేనోయ్! కలకత్తాలో విన్నది ఇదే!" అన్నారు.

"కలకత్తా ఏటండీ మాస్టారండీ, ఇది కొర్రమీను దరువండీ. ఆయ్!" అన్నాడు నాగేశు, కొట్టడం ఆపకుండానే.

బల్ల మాస్టారు

నాగేశుని మేళంలో చేర్చుకోవడం కంటే కొల్లేటిని ఎత్తి గోదావరిలో పోయడం తేలిక. మొదట కోటు కావాలన్నాడు. కోటు కుట్టిస్తే, తన భుజాల మీద కుచ్చులు మాస్టారి కుచ్చుల కంటే పొడవుండాలన్నాడు. ఆ తరవాత తనని అందరూ బల్ల మాస్టారు అని పిలవాలన్నాడు. ఒక మేళంలో ఇద్దరు మాస్టార్లేమిటని పాపయ్య గారు మండిపడ్డారు. "మీరు గాలి మాస్టారండీ, నేను బల్ల మాస్టారండీ. గాలి ఎటైనా పోద్ది, బల్ల ఉంటాదండీ" అన్నాడు. పాత పడవ బల్ల ఒక ముక్క కోసి, నడుముకి పటకా వేసి కట్టుకుని వచ్చాడు. ఎక్కడికెళ్ళినా మేళమంతా తన మీదే నడుస్తోందని చెప్పేవాడు. చిక్కేమిటంటే, ఆ గొప్పల్లో సగం నిజం.

ఆ ఖాళీ ఎంతసేపుండాలో పాపయ్య గారు నొటేషన్‌లో రాయాలని కూచున్నారు. ఆ చుక్కలూ గీతలూ చూసి నాగేశు, "ఇవేటండీ, చేప గుడ్లా?" అన్నాడు. ఎంతసేపు ఆగాలో చెప్పవయ్యా అంటే, "చేప ఎంతసేపు ఆలోచిస్తే అంతసేపండీ" అన్నాడు. మాస్టారు పెన్సిలు విరగ్గొట్టారు.

కుర్రాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీరు ఖాళీ కనిపిస్తే చాలు, ఏదో ఒకటి వాయించి నింపేస్తున్నారు. బస్సులో సీటు కనపడగానే తువ్వాలు వేసినట్టు. ఎదుటివాడు అడుగు వేసేది ఆ ఖాళీలోనే. అది కూడా మీరే తీసేసుకుంటే వాడు ఎక్కడ నిలబడతాడు?

గుడ్డ కప్పిన వాయిద్యం

ఆ తరవాత కొల్లేటి ఊళ్ళలో మేము లేని పెళ్ళి లేకపోయింది. అక్కణ్ణించి కైకలూరు, అక్కణ్ణించి భీమడోలు. భీమడోలు స్టేషన్లో రైలు కోసం ఎదురుచూస్తూ ఊరికే ఒక పాట వాయిస్తే, ఎక్కాల్సినవాళ్ళు ఎక్కకుండా నిలబడిపోయారు. గార్డు పచ్చజెండా ఊపడం మానేసి దాంతోనే తాళం వేశాడు. మేము కూడా రైలు ఎక్కలేదు. మర్నాడు ఆ గార్డు అన్నగారి అమ్మాయి పెళ్ళికి మమ్మల్నే పిలిచారు.

పేరు తాడేపల్లిగూడెం చేరింది. అక్కడ బెల్లం వ్యాపారం చేసే వెంకటరత్నం గారు కూతురి పెళ్ళికి మమ్మల్ని మాట్లాడుకోవడానికి వచ్చారు. మెత్తటి మనిషి, ఆయన మాట ఆయన బెల్లం కంటే తియ్యన.

"ఏవండీ మాస్టారూ, ఆ దరువు మాత్రం తప్పకుండా ఉండాలండీ. మా ఆవిడ మరీ మరీ చెప్పిందండీ" అన్నారు. గొంతు తగ్గించి, "కానీ ఆ పడవ చెక్క మాత్రం కనపడకూడదండీ. పెద్దమనుషులొస్తారు కదండీ. చేపల వాసన అంటారండీ" అన్నారు.

"చెక్క లేకపోతే దరువు ఎలాగండీ?" అన్నారు మాస్టారు.

"ఉండాలండీ, ఉండాలి. ఉన్నట్టు ఉండకూడదండీ."

మా నాన్న బల్లకి జరీ గుడ్డతో గలీబు కుట్టారు. గూడెం పెళ్ళిలో ఊరేగింపు అదిరిపోయింది. సంసారపక్షంగా నడిచే మనుషులు నడిబజారులో భుజాలు ఎగరేశారు. ఆ జరీ గుడ్డ వెనక ఏముందని వియ్యాలవారు అడిగితే, వెంకటరత్నం గారు చేతులు నులుముకుని "జర్మనీ వాయిద్యం అంటున్నారండీ" అన్నారు. అంటున్నదెవరో చెప్పలేదు. ఎవరో వెళ్ళి నాగేశునే అడిగితే, "నీళ్ళు దాటి వచ్చిందండీ" అన్నాడు. అందులో అబద్ధం లేదు.

ఆ ఏడాది గూడెంలో, ఏలూరులో ప్రతి షావుకారు ఇంటి పెళ్ళికీ జర్మనీ వాయిద్యం కావలసివచ్చింది. పక్క ఊరి మేళాలవాళ్ళు ఉత్త చెక్క పెట్టెలకి కూడా జరీ గుడ్డలు కప్పారు. వెంకటరత్నం గారి అల్లుడు ఆ వాయిద్యం బెర్లిన్లో ఏ కంపెనీ చేస్తుందో కూడా చెప్పేవాడు. నాగేశుకి జర్మను భాష వచ్చని ఒక పుకారు. కొల్లేటి యాసలో వేగంగా తిట్టినప్పుడల్లా ఆ పుకారు బలపడేది. భోజనాల దగ్గర మాత్రం నాగేశుని అందరి తరవాత, వెనక వసారాలోనే కూచోబెట్టేవారు. దరువు నడిబజారుకి వచ్చింది, దరువు వేసేవాడు వసారా దాటలేదు. మాకు పేరు రావడమంటే ఇదీ.

రెండు జెండాలు

తరవాత ఎన్నికలొచ్చాయి. పొద్దున ఒక పార్టీకీ, సాయంత్రం రెండో పార్టీకీ మేమే. పాట అదే, నడక అదే. కోటు మీద కట్టుకునే గుడ్డ రంగు ఒక్కటే మారేది. జనం విరగబడి వచ్చేవారు. కానీ వాళ్ళు వచ్చేది మా వెనకాల. ఒకసారి మేము కాలవ వంతెన దాటి మలుపు తిరిగేసరికి జనమంతా మాతో వచ్చేశారు. అభ్యర్థి గారు జీపులో ఒంటరిగా నిలబడి, రెండు కుక్కలకీ ఒక రిక్షావాడికీ నమస్కారం పెడుతూ మిగిలిపోయారు. ఆయన ఓడిపోయాడు, మా వల్లే అన్నాడు. అవతలాయన గెలిచాడు. గెలిచింది బ్యాండు వల్లే అని ఊళ్ళో అనుకుంటున్నారని తెలిసి, ఆయన కూడా మమ్మల్ని మళ్ళీ పిలవలేదు. పెద్దవాళ్ళ ఓటమికి కారణం కండి, ఫరవాలేదు. గెలుపుకి మాత్రం కాకండి.

తివాచీ

ఇంత పేరొచ్చాక సంగీత సభ వారి కన్ను మా మీద పడక తప్పుతుందా? కార్యదర్శి రాజగోపాలం గారు, పేరున్న ప్లీడరు, స్వయంగా మాస్టారింటికి వచ్చారు. లోపల గదిలో వీరాస్వామి గారు పడక్కుర్చీలో ఉన్నారు. వసారాలో మేము.

"మీ మేళాన్ని సభలో పెడదామనుకుంటున్నామండీ. ఊళ్ళో కుర్రకారంతా మీ పేరే జపిస్తోంది. హాలు నిండాలి కదండీ" అన్నారు ప్లీడరు గారు. "చిన్న చిన్న సవరణలండీ. కోట్లు వద్దు, పంచె, ఉత్తరీయం. తివాచీ మీద కూచుని వాయించాలి. ఆ జర్మనీదో ఏదో ఉంది కదా, అది వద్దు. మృదంగం మేమే ఏర్పాటు చేస్తాం."

 పాపయ్య గారు లోపలి గది వైపు ఒకసారి చూశారు. "అలాగేనండీ" అన్నారు.

ప్లీడరు గారు వెళ్ళగానే నాగేశు లేచాడు. "అయితే నేనొద్దేటండీ?"

"ఈ ఒక్కసారికేనయ్యా."

"నాకు చాప మీద కూచుంటే నిద్దరొత్తదండీ, నేనే రాను" అన్నాడు నాగేశు. ఆ గొప్పలన్నీ ఎటు పోయాయో, మొహం చిన్నబోయింది. "కానీ మాస్టారండీ, ఖాళీ ఎవరు కాస్తారండీ?" అని మాత్రం అడిగాడు.  మాస్టారికి కావలసింది ఆ హాల్లో మొదటి వరస కుర్చీ ఒక్కటే, మిగతాది ఏదీ కనపడటం లేదు. నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది.

కచేరీ రోజు సాయంత్రం మమ్మల్ని మంచి ఏలూరు తివాచీ మీద కూచోబెట్టారు. బాసింపట్టు వేసుకుంటే యుఫోనియం అనే పెద్ద ఇత్తడి బూర వాయించే ఆయన ఒళ్ళో అది పట్టలేదు, ఆయనే దాని ఒళ్ళో కూచున్నట్టున్నారు. నా కాళ్ళు మొదటి పాటకే తిమ్మిరెక్కాయి. మృదంగం ఆయన మహా విద్వాంసుడు. మేము ఎక్కడ ఖాళీ ఉంచినా వెంటనే నింపేశారు. ఇల్లాలు చిల్లుగిన్నెకి మాట్లు వేయించినట్టు ఒక్క చిల్లు కూడా వదల్లేదు. పాట సుఖంగా, శుభ్రంగా, ఎటూ కదలకుండా కూచుంది.

ఎదురుగా జనం. నడిబజారులో మా ముందు ఒళ్ళు తెలియకుండా గంతులేసినవాళ్ళే, ఇక్కడ కళ్ళు మూసుకుని తలలాడిస్తున్నారు. సభలో కళ్ళు మూసుకోవడం జ్ఞానానికి గుర్తు. కొందరి జ్ఞానం గురక దాకా వెళ్ళింది. గూడెం నుంచి వెంకటరత్నం గారు కూడా వచ్చి, జర్మనీ వాయిద్యం ఎక్కడుందా అని మెడ సాచి చూస్తున్నారు. మొదటి వరసలో వీరాస్వామి గారు, కర్ర మీద రెండు చేతులూ, చేతుల మీద గడ్డం. ఆయన మాత్రం కళ్ళు తెరిచే ఉన్నారు. మాస్టారు ట్రంపెట్ వాయించినంతసేపూ ఆ కళ్ళలోకే చూశారు.

చప్పట్లు బాగానే పడ్డాయి. ప్లీడరు గారు మైకు ముందుకొచ్చి, వీధిలో పడి ఉన్న బ్యాండుని సంస్కరించి సంగీతం స్థాయికి ఎత్తిన ఘనత మా మాస్టారిదనీ, ఎత్తే అవకాశం ఇచ్చిన ఘనత సభదనీ చెప్పారు. రెండో ఘనతకి ఎక్కువసేపు పట్టింది. శాలువా కప్పారు.

పాపయ్య గారు శాలువాతోనే వేదిక దిగి, తండ్రి కాళ్ళ దగ్గర వంగారు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఊళ్ళో అందరికీ తెలిసిన కథే కదా.

వీరాస్వామి గారు కొడుకుని చూశారు. "బాగా కూచున్నావురా పాపయ్యా" అన్నారు. తరవాత, "వాయించేది ఎప్పుడు?" అన్నారు.

ఎవరో నవ్వబోయి దగ్గారు. మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సభలో కూచుని వాయిస్తేనే మీరు వింటారని..." అన్నారాయన.

"ఎవడ్రా చెప్పింది?"

"ఏ పెళ్ళికీ రారు. సభకి మాత్రం వస్తారు కదా నాన్నా."

"మోకాళ్ళు నొప్పిరా! ఊరేగింపు వెనక నడవలేను. ఇక్కడైతే కుర్చీ వేస్తారు" అన్నారు ముసలాయన. "నేను సన్నాయి ఎక్కడ వాయించాననుకున్నావు? దేవుడి పల్లకీ ముందు, నడుస్తూ. ఒక్కనాడు కూచోలేదు. నిన్నెవర్రా కూచోబెట్టింది?"

మాస్టారు లేచి నిలబడ్డారు. "మరి ఇన్నాళ్ళూ నాతో మాట్లాడలేదేం?"

"చెప్పకుండా మిలటరీకి పోయింది నువ్వు. వచ్చినవాడివి నువ్వే మాట్లాడతావని చూశాను. మీ ఆవిడతో చెప్పిస్తున్నావు. సరే, నేనూ ఆ అమ్మాయితోనే చెప్పించాను."

ఇద్దరు మగవాళ్ళ పౌరుషం మధ్య ఆ కోడలు ఎన్ని వానాకాలాలు గొంతు అరగదీసుకుందో. ఆవిడ ఆడవాళ్ళ వరసలో కూచుని ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

పాపయ్య గారు తండ్రి చెయ్యి పట్టుకుని హాలు బయటికి నడిచారు. మేము తిమ్మిరెక్కిన కాళ్ళు ఈడ్చుకుంటూ వెనకాలే వెళ్ళాం. బయట ఇంకా వెలుగుంది. మా పెట్టెల బండి మీద నాగేశు, ఎర్ర కోటు, కుచ్చులు అన్నీ వేసుకుని, వేరుశనక్కాయలు ఒలుస్తూ కూచున్నాడు. రానన్నవాడు ముందే వచ్చాడు. ఈ కచేరీకి తాను రాకపోతే జరిగేది కాదని బండివాడికి చెబుతున్నాడు.

"నాగేశూ, బల్ల కట్టుకోవయ్యా" అన్నారు మాస్టారు.

"మళ్ళీ కూచోవాలేటండీ?"

"నడవాలి."

నాగేశు బల్ల మీదున్న జరీ గలీబు లాగేసి బండిలో పడేశాడు. పంచెలతో, ఉత్తరీయాలతోనే మేము రోడ్డు మీద వరస కట్టాం. ప్లీడరు గారు పరిగెత్తుకొచ్చారు. "ఏవండీ, ఏవండీ! శాలువా కప్పించుకున్నవారు రోడ్డు మీద వాయించకూడదండీ! సభ మర్యాద ఏం కానండీ?" మాస్టారు శాలువా మడిచి, ఎంతో వినయంగా ఆయన చేతిలోనే పెట్టారు.

వీరాస్వామి గారు కర్ర పట్టుకుని మా ముందుకొచ్చి నిలబడ్డారు. "పదండి" అన్నారు. ఒక అడుగు వేశారు. ఆగారు. కర్ర ముందుకి పెట్టి ఇంకొక అడుగు వేశారు. నాగేశు ఆయన వీపునే చూస్తూ, ఆయన కాలు నేలనానేదాకా ఆగి దెబ్బ వేశాడు. మాస్టారు ట్రంపెట్ ఎత్తారు. అంత నెమ్మదిగా మేము ఎన్నడూ వాయించలేదు. అంత బాగానూ వాయించలేదు. హాల్లోంచి జనం ఒక్కొక్కరే బయటికొచ్చి, కళ్ళు తెరుచుకుని మా వెనక నడిచారు.

వీధి మధ్యకి వచ్చేసరికి ముసలాయన పూర్తిగా ఆగిపోయారు. మోకాలు పట్టుకున్నారు. నాగేశు కర్రలు గాలిలో నిలిచిపోయాయి. మాస్టారు ట్రంపెట్ దించి ఒక్క అంగలో ఆయన పక్కకి వెళ్ళారు.

"నొప్పిగా ఉందా నాన్నా? ఆపేద్దామా?"

వీరాస్వామి గారు కొడుకు భుజం మీద చెయ్యి వేసి బరువంతా మోపారు.

"నడిచేది నేను కదరా" అన్నారు. "నువ్వు ఆపకు."